హెచ్ఐవీని విప్పి చూపిన ఫ్లోసీ వాంగ్-స్టాల్
(ఒక హెచ్ఐవీ పరిశోధకురాలు నల్గొండలో డిగ్రీ, పీజీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం, రికార్డింగ్ విని రాసింది)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్లకు వినిపిస్తోందా? సరే, మైక్ కొంచెం దూరం పెట్టుకుంటాను.

నన్ను పిలిచినప్పుడు హెచ్ఐవీ అవగాహన మీద మాట్లాడమన్నారు. డిసెంబర్ 1 వచ్చిందంటే ర్యాలీ, ఎర్ర రిబ్బన్, వ్యాసరచన పోటీ, ఇదంతా మీరు హైస్కూల్ నుంచి చూస్తున్నదే. ఎలా వస్తుంది, ఎలా రాదు అన్నది మీలో చాలామందికి కంఠతా వచ్చు. అందుకని మీ మేడమ్‌ను అడిగి టాపిక్ మార్చుకున్నాను. ఇవాళ ఒక మాత్ర గురించి, ఆ మాత్ర పుట్టడానికి చాలా ఏళ్ల ముందే దానికి దారి వేసిన ఒక సైంటిస్ట్ గురించి చెప్తాను. మైక్రోబయాలజీ వాళ్లున్నారు, జువాలజీ వాళ్లున్నారు, కామర్స్ పిల్లలు కూడా వచ్చి కూర్చున్నారు, సంతోషం. మీకు కూడా అర్థమయ్యేలాగే చెప్తాను, అర్థం కాకపోతే అక్కడే చెయ్యి ఎత్తండి.

ముందు మాత్ర. ప్రభుత్వం హెచ్ఐవీ మందులు ఇచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో హెచ్ఐవీ ఉన్నవాళ్లకు ఇప్పుడు ఎక్కువగా ఇచ్చే మాత్రను టీఎల్‌డీ అంటారు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. మూడు మందులు, ఒకటే మాత్ర, రోజుకు ఒక్కసారి, పైసా ఖర్చు లేకుండా. ఆ మాత్ర సరిగ్గా వేసుకునే మనిషి మగ్గం నేస్తాడు, లారీ తోలుతాడు, పత్తి ఏరుతాడు, పిల్లల పెళ్లిళ్లు చేస్తాడు. మొదటి రెండు మందులు వైరస్‌కు చెందిన రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. ఎంజైమ్ అంటే ఒక రసాయన పని చేసిపెట్టే ప్రోటీన్. మూడోది ఇంటిగ్రేజ్ అనే ఇంకో ఎంజైమ్‌ను. రెండూ వైరస్ తనతో తెచ్చుకునేవే. మరి మన కంటికి కాదు కదా, మామూలు మైక్రోస్కోప్‌కు కూడా కనిపించని, మిల్లీమీటర్‌లో పదివేలవ వంతు ఉండే ఆ వైరస్ లోపల ఏ ఎంజైములున్నాయో, ఎక్కడ కొడితే దాని పని ఆగుతుందో ఎవరు చెప్పారు?

మాది గట్టుప్పల్ వైపు, మగ్గాల ఊరు. సెలవులకు ఇంటికి పోతే పెద్దవాళ్లు అడుగుతారు, "బిడ్డా, నువ్వు డాక్టర్‌వంట గదా, ఏ దవాఖానల జేస్తున్నవ్?" అని. దవాఖాన కాదు పెద్దమ్మా, వైరస్ లోపల ఏముందో చూసే పని అంటే, "గది చూస్తే ఏమొస్తది?" అంటారు. న్యాయమైన ప్రశ్న. రిసెర్చ్‌కు డబ్బు ఇచ్చే ఆఫీసుల్లో కూడా ఇదే ప్రశ్న ఇంగ్లిష్‌లో అడుగుతారు. ఈ గంటలో నేను చెప్పేదంతా ఆ పెద్దమ్మ ప్రశ్నకు జవాబే అనుకోండి.

1981 జూన్ 5న అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ వారపత్రికలో ఒక చిన్న నివేదిక వచ్చింది. లాస్ ఏంజెలిస్‌లో ఐదుగురు యువకులకు అరుదైన ఒక రకం న్యుమోనియా. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లకు రాకూడని జబ్బు అది. తర్వాత ఎయిడ్స్ అని పేరు పెట్టింది దీనికే. 1983 మేలో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ నుంచి ఫ్రాన్స్వాజ్ బారే-సినూసీ, లుక్ మాంటన్యే బృందం ఒక రోగి లింఫ్ గ్రంథి నుంచి ఒక కొత్త వైరస్‌ను వేరు చేశామని ప్రకటించింది. అదే హెచ్ఐవీ. ఆ కణాల్లో వైరస్ ఉందని వాళ్లకు ఎలా తెలిసింది? రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ పనిచేస్తున్న జాడ దొరికింది కాబట్టి. జన్యు సమాచారం మనకు డీఎన్ఏలో రాసి ఉంటుంది, ఈ వైరస్‌కు ఆర్ఎన్ఏ అనే దానిలాంటి పదార్థంలో. ఆర్ఎన్ఏను చదివి డీఎన్ఏ తయారుచేసే ఈ ఎంజైమ్‌ను 1970లో హోవర్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ వేర్వేరుగా కనిపెట్టారు. కోళ్లలో, ఎలుకల్లో కేన్సర్ తెచ్చే వైరస్‌లలో. కోళ్ల వైరస్ మీద పని చేస్తే మనుషులకేం లాభం అని ఆ రోజుల్లో ఎవరైనా అని ఉంటే, పదమూడేళ్లకు జవాబు వచ్చింది. టెమిన్, బాల్టిమోర్‌లకు 1975లో నోబెల్, బారే-సినూసీ, మాంటన్యేలకు 2008లో.

ఇక్కడే ఫ్లోసీ వాంగ్-స్టాల్ వస్తారు. ఆమె పేరు మీలో ఎంతమంది విన్నారు? ఎవరూ లేరు. సిలబస్‌లో ఉండాల్సిన పేరు.

1946లో చైనాలోని గ్వాంగ్‌జౌలో పుట్టారు. అసలు పేరు వాంగ్ యీ-చింగ్. చిన్నప్పుడే, 1952లో, కుటుంబం హాంకాంగ్ వచ్చేసింది. అక్కడి కాన్వెంట్ స్కూల్‌లో ఇంగ్లిష్ పేరు పెట్టుకోమంటే, ఆ రోజుల్లో వచ్చిన ఒక తుఫాను పేరు చూసి వాళ్ల నాన్న ఫ్లోసీ అని పెట్టారట. వాళ్ల ఇంట్లో ఆడవాళ్లెవరూ బయట ఉద్యోగం చేసింది లేదు, సైన్స్ చదివింది అసలే లేదు. స్కూల్‌లో బాగా చదివే పిల్లలను టీచర్లు సైన్స్‌లో వేసేవాళ్లు, అలా సైన్స్‌లోకి వచ్చారు. ఆమె ఎంచుకుని వచ్చిన దారి కాదు, వచ్చాక ప్రేమించిన దారి. పద్దెనిమిదేళ్లకు అమెరికా వెళ్లి లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో 1968లో బాక్టీరియాలజీ డిగ్రీ, 1972లో మాలిక్యులర్ బయాలజీలో పీహెచ్‌డీ చేశారు. 1973లో అమెరికా జాతీయ కేన్సర్ సంస్థలో రాబర్ట్ గాలో ల్యాబ్‌లో చేరారు. ఇద్దరు ఆడపిల్లలను పెంచుకుంటూ ఈ పనంతా చేశారు. ముందు వరసలో కూర్చున్న అమ్మాయిలకు ఇది ప్రత్యేకంగా చెప్తున్నాను, పెళ్లయితే రిసెర్చ్ ఎలా కుదురుతుంది అని మీ ఇంట్లో అంటారు కాబట్టి.

ఆ ల్యాబ్‌లో పదేళ్ల పాటు ఆమె చేసింది రెట్రోవైరస్‌ల పనే, అంటే ఇలా తమ ఆర్ఎన్ఏను డీఎన్ఏగా రాసుకునే వైరస్‌ల పని. అప్పటికి చాలామంది సైంటిస్టులు మనుషులకు జబ్బు తెచ్చే రెట్రోవైరస్‌లు లేనే లేవనుకునేవాళ్లు. 1980లో ఆ ల్యాబ్ నుంచే మొదటి మానవ రెట్రోవైరస్, హెచ్‌టీఎల్‌వీ, బయటపడింది. అంటే ఎయిడ్స్ వచ్చేనాటికి అవసరమైన పనిముట్లన్నీ ఆమె బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి. అదృష్టం అనకండి. ఎవరికీ పట్టని విషయం మీద పదేళ్లు కూర్చున్న మనిషి చేతికి ఆ పని వచ్చింది.

1984లో ఆమె బృందం హెచ్ఐవీ జన్యుపదార్థాన్ని క్లోన్ చేసింది. అంటే ఏమిటి? సోకిన కణాల నుంచి డీఎన్ఏ తీస్తారు. ఎంజైములతో ముక్కలు చేస్తారు. ఆ ముక్కలను బాక్టీరియాను తినే ఒక వైరస్‌లోకి ఎక్కిస్తారు, అది బాక్టీరియాలో పెరుగుతుంది, దాంతో పాటు మన ముక్క కూడా కోట్ల కాపీలవుతుంది. లక్షల ముక్కల్లో హెచ్ఐవీ ముక్క ఏదో పట్టుకోవాలి. ఈ పని మీద వచ్చిన రిసెర్చ్ పేపర్‌లో ముందున్న పేర్లు బియాట్రిస్ హాన్, జార్జ్ షా. తర్వాతి రోజుల్లో ఇదే బియాట్రిస్ హాన్ ఈ వైరస్ చింపాంజీల నుంచి మనిషికి వచ్చిందని నిరూపించారు. 1985 జనవరిలో వైరస్ పూర్తి సీక్వెన్స్, అంటే దాని జన్యు అక్షరాల వరుస, వచ్చింది. అదే నెలలో పాశ్చర్ వాళ్లది కూడా. గాలో, మాంటన్యేల మధ్య ఈ వైరస్‌ను ఎవరు ముందు కనుక్కున్నారన్న గొడవ చాలా ఏళ్లు నడిచింది, రెండు దేశాల అధినేతలు కూర్చుని 1987లో ఒప్పందం చేసుకునేదాకా పోయింది. దాని మీద బోలెడంత రాశారు, నాకు అందులో ఆసక్తి లేదు. నాకు ఆసక్తి ఆ అక్షరాల మీదే. సుమారు 9,700 అక్షరాలు, తొమ్మిది జన్యువులు. మనిషి జన్యుపదార్థం 300 కోట్ల అక్షరాలు. ఇంత చిన్నది అంత పెద్దదాన్ని ఎలా పడగొడుతోంది అన్నది అసలు ప్రశ్న.

సీక్వెన్స్ చదవడం అంటే ఇప్పుడు మెషిన్‌లో పెట్టి మెయిల్‌లో ఫైల్ తెచ్చుకోవడం. నేను స్టూడెంట్‌గా ఉన్నప్పుడు చేత్తో చేశాం. రెండు పెద్ద గాజు పలకల మధ్య కాగితమంత పల్చగా జెల్ పోయాలి, మధ్యలో ఒక్క గాలిబుడగ ఉన్నా పనికిరాదు. రేడియోధార్మిక గుర్తు పెట్టిన డీఎన్ఏ ముక్కలను పైన పోసి కరెంట్ పెడితే చిన్న ముక్కలు ముందు, పెద్దవి వెనక, కిందికి దిగుతాయి. జెల్‌ను ఆరబెట్టి ఎక్స్‌రే ఫిల్మ్‌కు ఆనించి రాత్రంతా వదిలేస్తే, పొద్దున డార్క్‌రూమ్‌లో ఫిల్మ్ కడిగితే నాలుగు వరుసల్లో సన్నటి నల్ల గీతలు. ఏ, సీ, జీ, టీ, డీఎన్ఏకు ఉన్న నాలుగు అక్షరాలు. లైట్ బాక్స్ మీద పెట్టి, కింద నుంచి పైకి, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు రాసుకోవాలి. పైకి పోయేకొద్దీ గీతలు దగ్గరవుతాయి, కళ్లు లాగుతాయి, ఒక ఫిల్మ్‌కు కొన్ని వందల అక్షరాలు దొరికితే గొప్ప.

ఆ ముక్కలు వేర్వేరు సైజుల్లో ఎలా వస్తాయో చెప్పాలి, ఇది ముఖ్యం. ఫ్రెడరిక్ సాంగర్ 1977లో చూపిన ఉపాయం. డీఎన్ఏ గొలుసు తయారవుతున్నప్పుడు ప్రతి అక్షరానికీ తర్వాతి అక్షరం అతుక్కోవడానికి ఒక ఓహెచ్ గ్రూపు కావాలి. ఆ ఓహెచ్ తీసేసిన అక్షరాలను కొన్ని కలిపితే, అవి ఎక్కడ చేరితే గొలుసు అక్కడ ఆగిపోతుంది. ఇప్పుడు మన మాత్ర దగ్గరికి రండి. లామివుడిన్, టెనోఫోవిర్ చేసేది అచ్చంగా ఇదే. వైరస్ తన ఆర్ఎన్ఏను డీఎన్ఏగా రాసుకుంటున్నప్పుడు, మామూలు అక్షరమే అనుకుని ఎంజైమ్ ఈ మందును తీసుకుని గొలుసులో పెట్టేస్తుంది. దానికి ఓహెచ్ లేదు. కాపీ అక్కడితో ఆఖరు. వైరస్‌ను చదవడానికి మేము వాడిన కెమిస్ట్రీ, వైరస్‌ను ఆపడానికి వాడుతున్న కెమిస్ట్రీ ఒకటే! ఇది మొదటిసారి తెలిసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది, ఇప్పుడు చెప్తున్నా అంతే. 1987లో వచ్చిన మొదటి మందు ఏజెడ్‌టీ కూడా ఇదే బాపతు. దాన్ని 1964లోనే జెరోమ్ హోర్విట్జ్ కేన్సర్ కోసం తయారు చేశారు, కేన్సర్‌కు పనిచేయలేదని పక్కన పెట్టేశారు.

వాంగ్-స్టాల్ దగ్గరికి మళ్లీ వద్దాం. సీక్వెన్స్ చేతికి రాగానే పని అయిపోలేదు, అప్పుడే మొదలైంది. ముందు, క్లోన్ చేసిన డీఎన్ఏ నిజంగా పనిచేసే వైరసేనా? అమాండా ఫిషర్ ఆ ల్యాబ్‌లో ఉండి ఆ డీఎన్ఏను కణాల్లోకి పంపితే వైరస్ తయారై, రోగాలతో పోరాడే తెల్లరక్తకణాలైన టీ కణాలను చంపింది. అంటే ఈ 9,700 అక్షరాలు చాలు, ఎయిడ్స్‌కు ఇంకేదీ అక్కర్లేదు అన్న వాదనకు గట్టి పునాది పడింది. హెచ్ఐవీ ఎయిడ్స్‌కు కారణం కాదని వాదించేవాళ్లు తర్వాత చాలా ఏళ్లు ఉన్నారు. దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఆ మాటలు విని మందులు ఆలస్యం చేస్తే ఎన్నో ప్రాణాలు పోయాయి. వాళ్లకు అప్పటికే ల్యాబ్‌లో జవాబు ఉంది.

తర్వాత ఒక్కో జన్యువును తీసేసి చూడటం. ఏది తీసేస్తే ఏం ఆగుతుంది? టాట్ అని ఒక చిన్న జన్యువు ఉంది, దాని నుంచి వచ్చేది సుమారు వంద అమైనో ఆమ్లాల, అంటే వంద ఇటుకల లాంటి ముక్కల, చిన్న ప్రోటీన్. 1985లో రెండు మూడు ల్యాబ్‌లు దాదాపు ఒకేసారి దాన్ని పట్టుకున్నాయి, ఆమెది అందులో ఒకటి. టాట్ లేకపోతే వైరస్ జన్యువులు మొదలైన కాసేపటికే ఆగిపోతాయి. టాట్ ఉంటే జోరందుకుంటాయి, ఆ జోరులో ఇంకా టాట్ తయారవుతుంది, దాంతో ఇంకా జోరు. 1986లో రెవ్ అనే ఇంకో జన్యువు. వైరస్ పొడవాటి ఆర్ఎన్ఏను ముక్కలు కాకుండా కేంద్రకం నుంచి బయటికి పంపించేది అదే. అదే ఏడాది, ఒకే రోగిలో కాలం గడిచేకొద్దీ వైరస్ అక్షరాలు మారిపోతున్నాయని కూడా చూపించారు. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ చాలా తప్పులు రాస్తుంది, పది వేల నుంచి ముప్పై వేల అక్షరాలకు ఒక తప్పు అనుకోండి. మందు లేని మనిషి ఒంట్లో రోజుకు వెయ్యి కోట్ల వైరస్ రేణువులు పుడతాయని 1996లో లెక్క తేల్చారు. వెయ్యి కోట్ల కాపీలు, ఆ మేరకు తప్పులు. ఏ ఒక్క మందు ఇచ్చినా దాన్ని తప్పించుకునే తప్పు వాటిలో ఎక్కడో ఉండే ఉంటుంది. అందుకే మూడు మందులు కలిపి. మూడింటినీ ఒకేసారి తప్పించుకునే కాపీ పుట్టడం చాలా కష్టం. 1996లో వాంకూవర్ సదస్సు తర్వాత ఈ మూడు మందుల చికిత్స వచ్చి, చావు అంచున ఉన్నవాళ్లు లేచి నడిచారు. టీకా ఇంతవరకూ రాకపోవడానికి కూడా పెద్ద కారణం ఈ తప్పులే.

ఇంటిగ్రేజ్ సంగతి చెప్పి మన దగ్గరికి వస్తాను. వైరస్ రాసుకున్న డీఎన్ఏను మన కణం డీఎన్ఏలోకి కోసి అతికించేది ఇంటిగ్రేజ్. పుట్టపాక, పోచంపల్లి చీరలు నేసే ఇళ్ల పిల్లలు ఉంటే వెంటనే అర్థమవుతుంది. మన చీర మీద డిజైన్ నేసిన తర్వాత అద్దింది కాదు, నూలుకు ముడులు కట్టి రంగు వేసి అప్పుడు మగ్గం ఎక్కిస్తాం, రంగు పోగులోనే ఉంటుంది, ఎంత ఉతికినా డిజైన్ చెరగదు. హెచ్ఐవీ కూడా ఒకసారి కణం డీఎన్ఏలో చేరితే ఆ కణం ఉన్నంతకాలం, దాని సంతానంలో కూడా, ఉంటుంది. డోలుటెగ్రావిర్ పనిచేసేది కొత్త కణాల్లో అది చేరకుండా. చేరిపోయినదాన్ని తీసే మందు ఇంకా లేదు.

ఇక మన దేశం. 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలోమన్, ఆమె స్టూడెంట్ సెల్లప్పన్ నిర్మల కలిసి మన దేశంలో మొదటి కేసులు కనుక్కున్నారు. మన దగ్గర ఎయిడ్స్ లేదు, రాదు అని అందరూ నమ్ముతున్న రోజులవి. నిర్మల గారు రక్తం శాంపిల్స్ సేకరించుకుని, వెల్లూరు తీసుకెళ్లి పరీక్ష చేయించారు. ఆ శాంపిల్స్‌లో ఆరు పాజిటివ్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ జబ్బు ఎంత నష్టం చేసిందో మీ ఇళ్లలో పెద్దవాళ్లకు తెలుసు. విజయవాడ హైవే మీద లారీలు, పాలమూరు నుంచి బొంబాయి, భివండి, పుణె పోయే కూలీలు, ఇంటి దగ్గర ఏమీ తెలియని భార్యలు. మందులున్నాయి కానీ 2000 నాటికి అమెరికాలో ఏడాదికి పది పదిహేను వేల డాలర్లు. 2001 ఫిబ్రవరిలో సిప్లా కంపెనీ అధిపతి యూసుఫ్ హమీద్ మూడు మందులు ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామన్నారు. ప్రపంచం ఉలిక్కిపడింది. 2004 ఏప్రిల్ 1న మన ప్రభుత్వం ఉచిత చికిత్స మొదలుపెట్టింది. ఆ తర్వాత హైదరాబాద్ కంపెనీలు, అరబిందో, హెటెరో లాంటివి, ఈ మందులను ఆఫ్రికాకు కూడా పంపుతున్నాయి. కెమిస్ట్రీ చదివిన మన ఉమ్మడి నల్గొండ, పాలమూరు పిల్లలు ఎంతమంది ఈ ఫార్మా కంపెనీల్లో షిఫ్టులు చేస్తున్నారో చూడండి. చౌటుప్పల్, జడ్చర్ల వైపు వెళ్లే బస్సు ఎక్కితే తెలుస్తుంది.

మన దేశంలో తిరిగే వైరస్ అమెరికా, యూరప్‌లలో ఎక్కువగా ఉన్నది కాదు. అక్కడ సబ్‌టైప్ బి, మన దగ్గర తొంభై శాతానికి పైగా సబ్‌టైప్ సి, దక్షిణాఫ్రికాలో ఉన్నదే. ప్రపంచంలో అందరికంటే ఎక్కువమందికి ఉన్నది సి, పుస్తకాల్లో ఎక్కువగా ఉన్నది బి. ఎందుకంటే ల్యాబ్‌లు అక్కడ ఉన్నాయి. ఇది నాకు మొదటి నుంచీ బాధ కలిగించే విషయం. వైరస్ ఎంత జోరుగా పనిచేయాలో నిర్ణయించే భాగాన్ని ఎల్‌టీఆర్ అంటారు. అక్కడ మన కణం ప్రోటీన్ ఎన్‌ఎఫ్-కప్పా-బి వచ్చి కూర్చునే చోట్లు బి రకంలో రెండు, సి రకంలో మూడు. నాలుగు ఉన్న వైరస్‌లు మన దేశంలో పుట్టుకొస్తున్నాయని బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లో ఉదయకుమార్ రంగ బృందం చూపించింది. టాట్‌లో 31వ స్థానంలో బి రకంలో సిస్టీన్ ఉంటే, మన సి రకంలో ఎక్కువగా సెరీన్ ఉంటుందని, మెదడుకు జరిగే నష్టంలో తేడాకు ఇది ఒక కారణం కావచ్చని కూడా అదే బృందం 2004లో రాసింది. ఒక్క అమైనో ఆమ్లం! మన వైరస్‌ను మనం చదవకపోతే ఇంకెవరూ చదవరు, నేను ఈ ఫీల్డ్‌లో ఉండిపోవడానికి కారణం ఇదే.

మా పని ఎలా ఉంటుందో ఒకటి చూపిస్తాను. ఈ స్లైడ్ చూడండి. టీజెడ్‌ఎమ్-బీఎల్ అనే కణాలివి. వీటి డీఎన్ఏలో ముందే ఎల్‌టీఆర్‌ను, దాని వెనక ఒక రంగు వచ్చే జన్యువును పెట్టారు. టాట్ ఉంటేనే ఆ జన్యువు పలుకుతుంది. ల్యాబ్ అంటే బీఎస్ఎల్-3, ప్రమాదకరమైన క్రిములతో పని కోసం గట్టి రక్షణతో కట్టింది, లోపల గాలి బయటికి రాకుండా ఒత్తిడి తక్కువ ఉంచుతారు. రెండు జతల గ్లౌజులు, గౌను, మాస్క్, సూదులు వీలైనంతవరకు వాడం. కణాలకు వైరస్ కలిపి రెండు రోజులు ఇంక్యుబేటర్‌లో ఉంచి, ఫిక్స్ చేసి, ఎక్స్-గాల్ అనే ద్రవం పోస్తాం. గంట రెండు గంటలకు మైక్రోస్కోప్‌లో చూస్తే రంగులేని కణాల మధ్య అక్కడక్కడా ముదురు నీలం. ఒక్కో నీలం కణం అంటే ఒక్కో వైరస్ లోపలికి వెళ్లి, కాపీ రాసుకుని, డీఎన్ఏలో చేరి, టాట్ తయారు చేసిందన్న మాట. మందు కలిపిన గిన్నెలో నీలం ఒక్కటీ ఉండదు. నీలం కణాలను కౌంటర్ నొక్కుతూ లెక్కపెట్టడం విసుగు పని అంటారు, నాకు ఎప్పుడూ విసుగు రాలేదు. 1985లో వాళ్లు పట్టుకున్న జన్యువు మీ ముందే పనిచేస్తూ కనిపిస్తుంది కదా.

గది చూస్తే ఏమొస్తది అన్న ప్రశ్నకు ఇంకో తాజా జవాబు ఉంది. వైరస్ లోపల కోను ఆకారంలో ఒక పెట్టె ఉంటుంది, క్యాప్సిడ్. ఒకే ప్రోటీన్ సుమారు 1,500 కాపీలు, ఆరేసి చేరిన గుంపులు 250 దాకా, ఐదేసి చేరిన గుంపులు సరిగ్గా పన్నెండు. పన్నెండు పంచభుజాలు లేకపోతే షడ్భుజాలతో ఆకారం మూసుకోదు, అది గణితం. వెడల్పు వైపు ఏడు, సన్న వైపు ఐదు. ఈ ఆకారాన్ని అర్థం చేసుకోవడానికి అమెరికాలోని యూటాలో వెస్లీ సండ్‌క్విస్ట్ లాంటి వాళ్లు దశాబ్దాలు పెట్టారు. అప్పుడు మందు ఆలోచన ఎక్కడుంది? చాలాకాలం క్యాప్సిడ్‌ను మందుతో కొట్టలేమనే అనుకున్నారు. ఇవాళ లెనకాపవిర్ అనే మందు ఆ గుంపుల మధ్య ఇరుక్కుని పెట్టె సరిగ్గా కట్టుకోకుండా, సరిగ్గా విడిపోకుండా చేస్తోంది. ఆరు నెలలకు ఒక ఇంజెక్షన్. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో హెచ్ఐవీ లేని యువతుల మీద చేసిన ట్రయల్ ఫలితం 2024లో వచ్చింది. ఆ ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మందిలో ఒక్కరికి కూడా హెచ్ఐవీ రాలేదు. సున్నా. దీని జనరిక్ తయారీకి లైసెన్స్ పొందిన ఆరు కంపెనీల్లో మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్, హెటెరో ఉన్నాయి.

మందుల గురించి ఇంత చెప్పి మనుషుల గురించి చెప్పకపోతే తప్పు. రోజూ మాత్ర వేసుకుని రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గిన మనిషి నుంచి శారీరక సంబంధం ద్వారా ఇంకొకరికి సోకదు. 2016లో, 2019లో వచ్చిన పార్ట్‌నర్ అధ్యయనాలు వందల జంటలను చూసి చెప్పిన మాట ఇది, ఒక్క కేసు కూడా దొరకలేదు. అయినా మన ఊళ్లలో ఇప్పటికీ గ్లాసు వేరు, ప్లేటు వేరు. నాకు తెలిసిన ఒక ఇంట్లో చదువుకున్న కొడుకే తల్లిని పశువుల కొట్టం పక్క గదిలో ఉంచాడు. ఆ అమ్మకు కావలసింది రోజుకో మాత్ర, అందరితో పాటు అన్నం, అంతే. అలా వివక్ష చూపడాన్ని నిషేధించే చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది, హెల్ప్‌లైన్ నంబర్ 1097. ఇంకో మాట, వలస పోయేవాళ్ల కోసం. మాత్ర ఆపితే కొన్ని వారాల్లో వైరస్ తిరిగి లేస్తుంది, డీఎన్ఏలో దాక్కున్నది ఎక్కడికీ పోలేదు కాబట్టి. బొంబాయి పోయే ముందు ఏఆర్‌టీ సెంటర్‌లో చెప్తే అక్కడి సెంటర్‌కు ట్రాన్స్‌ఫర్ రాసిస్తారు. మీ ఊళ్లో ఎవరైనా ఉంటే ఈ ఒక్క సంగతి చెప్పండి, టెన్షన్ లేకుండా పోవచ్చు.

వాంగ్-స్టాల్ 1990లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీకి వెళ్లారు. ఆ ఏడాదే, గత దశాబ్దంలో అందరికంటే ఎక్కువ ప్రభావం చూపిన మహిళా శాస్త్రవేత్తగా ఆమె పేరు వచ్చింది. అక్కడ రైబోజైములతో, అంటే వైరస్ ఆర్ఎన్ఏను కత్తిరించే ఆర్ఎన్ఏతో, జన్యు చికిత్స ప్రయత్నించారు. మనుషుల మీద ట్రయల్ దాకా వచ్చింది, మందుగా నిలబడలేదు. 2002లో యూనివర్సిటీ వదిలి కంపెనీలో హెపటైటిస్ సి మందుల మీద పనిచేశారు. 2020 జూలై 8న న్యుమోనియాతో చనిపోయారు. కోవిడ్ వార్తల్లో ఆ కబురు ఎవరికీ పట్టలేదు. కోవిడ్ వైరస్ సీక్వెన్స్ కొన్ని వారాల్లో ప్రపంచం చేతికి రావడం, దాన్ని బట్టి టీకా తయారవడం, ఇదంతా ఆమె తరం వేసిన దారిలోనే జరిగింది.

మిగిలిన పెద్ద ప్రశ్న ఒక్కటే, ఆ డీఎన్ఏలో దాక్కున్నది. రాబర్ట్ సిలిసియానో బృందం చూపినట్టు, నిద్రపోతున్న టీ కణాల్లో ఉన్న ఈ నిల్వ సగానికి తగ్గడానికి సుమారు 44 నెలలు పడుతుంది. లెక్క వేసి చూడండి, పూర్తిగా పోవడానికి ఒక జీవితకాలం చాలదు. తిమోతీ రే బ్రౌన్ అనే ఒక మనిషికి 2007లో లుకేమియా అనే రక్త కేన్సర్ కోసం, వైరస్ కణంలోకి దూరే తలుపును తయారుచేసే సీసీఆర్5 జన్యువు లోపించిన దాత మూలకణాలు ఎక్కిస్తే హెచ్ఐవీ కూడా పోయింది. అందరికీ చేయగల పని కాదది. నిద్ర లేపి చంపాలా, శాశ్వతంగా నిద్రపుచ్చాలా అన్న రెండు దారుల్లోనూ పని నడుస్తోంది. నిద్రపుచ్చాలంటే టాట్‌ను ఆపాలి, ఎల్‌టీఆర్‌ను ఆపాలి. సి రకంలో ఆ మూడు నాలుగు చోట్లు నిద్రను ఎలా మారుస్తాయో ఇక్కడి వాళ్లే తేల్చాలి.

దీనికి మనుషులు కావాలి. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రిసెర్చ్ ఫెలోషిప్ ఉంది, డిగ్రీ పిల్లలు కూడా పెట్టుకోవచ్చు, ప్రతి ఏడాది ఆన్‌లైన్‌లో నోటిఫికేషన్ వస్తుంది, జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ విడిగా ఇంకొకటి ఇస్తుంది. అప్లికేషన్‌లో నాకు సైన్స్ అంటే ఇష్టం అని రాయకండి, అది అందరూ రాస్తారు. ఏ ప్రశ్న మీద పని చేయాలనుకుంటున్నారో రాయండి. రాసింది నాకు పంపితే చదివి చెప్తాను, నా మెయిల్ మేడమ్ దగ్గర ఉంది. తెలుగు మీడియం నుంచి వచ్చాం మేడమ్ అంటారా, నేనూ అక్కడి నుంచే వచ్చాను. ఇంగ్లిష్ రెండేళ్లలో వస్తుంది.

ఇక మీ ప్రశ్నలు. కిటికీ పక్కన అమ్మాయి ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తే ఉంది, ముందు ఆమెకు మైక్ ఇవ్వండి.